అత్తమ్మ శ్రుతీ, ఆరు షార్పులూ

ఒక మనిషికి ఎన్ని పేర్లుంటాయో ఎప్పుడైనా లెక్కపెట్టారా? రేషను కార్డులో ఒక్కటే ఉంటుంది. ఇంట్లోకి వచ్చేసరికి ఆ లెక్క తప్పుతుంది. నన్నే తీసుకోండి. మా అత్తగారికి కోడల్ని, ఆడపడుచుకి వదినని, తోటికోడలికి అక్కని, మేనకోడలికి అత్తమ్మని. మనిషిని ఒక్కదాన్నే. పక్కన ఎవరు నిలబడ్డారన్నదాన్ని బట్టి పేరు మారుతుంది. మా మరిది పొరపాటున నన్ను "పిన్నీ" అన్నాడనుకోండి, పిలిచింది నన్నేనని అందరికీ తెలుస్తుంది. అయినా వరస తప్పిందని ఇల్లంతా నవ్వుతుంది.

సంగీతంలోనూ ఇదే వరస. నమ్మకపోతే హార్మోనియం ముందు కూర్చోండి. కింది షడ్జం దగ్గర్నించి పై షడ్జం వచ్చేలోగా పన్నెండు మెట్లు. మన పెద్దలు ఆ పన్నెండు మెట్లకు పదహారు పేర్లు పెట్టారు. అంటే నాలుగు మెట్లకు రెండేసి పేర్లన్నమాట. మొదటి తెల్లమెట్టు షడ్జం అనుకుంటే, రెండో నల్లమెట్టును షట్శ్రుతి రిషభం అనవచ్చు, సాధారణ గాంధారం అనీ అనవచ్చు. నొక్కితే వినిపించేది ఒకటే. కింద ఇంకో రిషభం ఉంటే ఇది గాంధారం. పైన ఇంకో గాంధారం ఉంటే ఇదే రిషభం. పదిహేడో శతాబ్దంలో తంజావూరులో వేంకటమఖి "చతుర్దండి ప్రకాశిక" రాసి 72 మేళాలు లెక్కకట్టింది ఈ వరస పట్టుకునే. ఏడు స్వరాల్లో ఏదీ ఎగిరిపోకూడదు, ఒకే పేరు రెండుసార్లు రాకూడదు. రిషభం కుర్చీలో రిషభమే, గాంధారం కుర్చీలో గాంధారమే.

ఇదంతా ఇప్పుడెందుకూ అంటారా? ఈ పేర్ల గొడవ ఒకటి నిరుడు మా ఖానాపూర్ ఇంట్లోకి వచ్చి కూర్చుంది. వచ్చింది అమెరికా నుంచి, అదీ ఫోనులో.

ముందు మా అత్తమ్మ సంగతి చెప్పాలి. ఆవిడ కచేరీలు చేసిన మనిషి కాదు. పుట్టింటివాళ్లు పెళ్లప్పుడు ఇచ్చిన హార్మోనియం ఒకటి, శుక్రవారం హారతి పాటలు ఒక పాతిక, అంతే ఆస్తి. అయినా ఆవిడ పాడుతుంటే వీధిలో పోయేవాళ్లు గుమ్మం దగ్గర ఒక నిమిషం ఆగేవాళ్లు. ఐదు శ్రుతి గొంతు. రెండేళ్ల క్రితం థైరాయిడ్ ఆపరేషన్ అయింది. ప్రాణానికి ఏ ఇబ్బందీ రాలేదు గానీ గొంతు దిగిపోయింది. పై స్వరాలకు వెళ్తే చీలుతోంది. ఒకరోజు హార్మోనియానికి పాత చీరె ముసుగు వేసి, "ఇగ నాతోని గాదు బిడ్డా" అంది. ఆ ముసుగు మళ్లీ తీయలేదు. శుక్రవారం హారతి మాత్రం ఇస్తూనే ఉంది, నోరు విప్పకుండా.

మా ఆడపడుచు కూతురికి పదిహేనేళ్లు. అక్కడి బడిలో బ్యాండు ఉంటుందట, అందులో క్లారినెట్ వాయిస్తుంది. డిసెంబరులో అమ్మమ్మకు డెబ్బై అయిదు నిండుతాయి, అందరూ ఇక్కడికి వస్తున్నారు. ఆ రోజు అమ్మమ్మ హారతి పాట పాడాలి, పక్కన తను క్లారినెట్ వాయించాలి. అదీ పిల్ల కోరిక. మేమెవరం అడిగినా "ఊహూ" అన్న మనిషి, మనవరాలు ఫోనులో అడిగేసరికి కాసేపు ఊరుకుని "చూద్దాం తియ్" అంది. మా ఇంట్లో "చూద్దాం తియ్" అంటే సగం ఒప్పుకున్నట్టే.

మా ఇంట్లో పాత క్యాసెట్ ఒకటుంది, ఆవిడ గొంతు బాగున్న రోజుల్లోది. ఆ పాటను ఫోనులోకి ఎక్కించి పంపాం. పిల్ల దాన్ని విని, మ్యూజ్‌స్కోర్ అని కంప్యూటరులో ఉచితంగా దొరికే ఒక సాధనంలో ఐదు గీతల మీద స్వరాలు రాసుకుంది. మన పాటను దొరల గీతల మీద రాయడం ఏమిటని మావారు ముక్కు విరిచారు. నేను బి.ఏ. చదివిన దాన్ని, ఊరుకుంటానా? 1904లో ఎట్టయపురంలో సుబ్బరామ దీక్షితులు "సంగీత సంప్రదాయ ప్రదర్శిని"ని, తమిళదేశంలో ఉండి కూడా తెలుగు లిపిలో అచ్చువేయించారనీ, ఆయన్ని ఆ పనికి పురికొల్పిన చిన్నస్వామి ముదలియార్ అంతకుముందే, 1890లలో, మన కీర్తనలను ఆ ఐదు గీతల మీదే అచ్చువేశారనీ చెప్పాను. మావారు పేపరు అడ్డం పెట్టుకున్నారు. అంటే ఒప్పుకున్నట్టే.

ఆ ఐదు గీతల పద్ధతిలో మూడు గుర్తులు తెలిస్తే చాలు, తక్కిన కథ అర్థమవుతుంది. షార్పు గుర్తు పెడితే స్వరం అరమెట్టు పైకి పోతుంది. ఫ్లాటు పెడితే అరమెట్టు కిందికి దిగుతుంది. నాచురల్ పెడితే, "పైకీ వద్దు, కిందికీ వద్దు, మామూలుగా ఉండు" అని. పాట మొదట్లోనే "ఈ ఇంట్లో ఫలానా స్వరాలు ఎప్పుడూ షార్పే" అని ఒకసారి రాసిపెట్టేస్తారు, ఇంటి ఆచారంలాగా. మధ్యలో ఎక్కడైనా ఆచారం తప్పాల్సి వస్తే, అక్కడికి మాత్రం విడిగా గుర్తు పెడతారు. దాన్ని యాక్సిడెంటల్ అంటారట. మనవాళ్లు అన్యస్వరం అన్నారు. వాళ్లకది ప్రమాదంలా తోచింది, మనకు చుట్టంలా తోచింది. బిలహరి రాగం చూడండి. శంకరాభరణం పిల్ల అది. కాకలి నిషాదం దాని సొంతం. కైశికి నిషాదం చుట్టపుచూపుగా వచ్చిపోతుంది. ఆ చుట్టం ఒక్కపూట రాకపోతే ఆ ఇంటికి కళే లేదు.

మా అత్తమ్మ హారతి పాటలోనూ అలాంటి చుట్టం ఒకటుంది. పాటంతా తిన్నగా శంకరాభరణం మెట్ల మీదే నడుస్తుంది. పల్లవి చివర పై షడ్జం నుంచి దిగేటప్పుడు మాత్రం నిషాదం అరమెట్టు కిందికి జారుతుంది. ఆ ఒక్క జారుకే గుమ్మం దగ్గర మనుషులు ఆగేవాళ్లని నా నమ్మకం.

ఇక క్లారినెట్ సంగతి. అదొక విచిత్రమైన వాయిద్యం. పిల్లల చేతుల్లో ఉండేది బి-ఫ్లాట్ క్లారినెట్. కాగితం మీద సి అని చూసి వాయిస్తే బయటికి వచ్చేది బి-ఫ్లాట్. చెప్పిందానికన్నా రెండు అరమెట్లు తక్కువ పలుకుతుంది, మా పాలవాడి కొలతలాగా. అందుకని దాని కాగితం మీద అన్నీ రెండు అరమెట్లు ఎక్కువ రాసివ్వాలి. ఆ లెక్క కంప్యూటరే చేస్తుంది. ఒక బొత్తాం నొక్కితే నిజంగా వినిపించే స్వరాలు కనిపిస్తాయి, మళ్లీ నొక్కితే క్లారినెట్ మనిషికి ఇవ్వాల్సిన కాగితం కనిపిస్తుంది.

అసలు విశేషం ఇక్కడే ఉంది. స్వరం ఏదో అదే ఉండాలంటే, గుర్తు మారాలి. మన పాట ఒకటి శ్రుతిలో, అంటే సి మీద షడ్జం పెట్టుకుని పాడామనుకోండి. దిగిన నిషాదం బి-ఫ్లాట్ అవుతుంది. ఫ్లాటు గుర్తు పెట్టి తీరాలి. అదే పాట క్లారినెట్ కాగితం మీదికి వెళ్తే షడ్జం డి అవుతుంది, ఆ ఇంటి ఆచారం ప్రకారం ఎఫ్, సి రెండూ షార్పులు. అక్కడ నిషాదం సి-షార్పు. అరమెట్టు దిగితే వట్టి సి. కాబట్టి పెట్టాల్సింది నాచురల్. "అక్కడ ఫ్లాటు ఉంది కదా, ఇక్కడా ఫ్లాటే పెడతాను" అన్నారో, నిషాదం ఇంకో అరమెట్టు జారి ధైవతం మీద కూలబడుతుంది. గుర్తు పదిలంగా ఉంటుంది, పాట పోతుంది.

ఈ మాట అర్థమైన రోజు నేను చాలాసేపు వంటింట్లో ఊరికే నిలబడ్డాను. మన ఇళ్లలో ఎన్ని తగువులు గుర్తు గురించి, ఎన్ని స్వరం గురించి? అమెరికాలో బతుకమ్మకు తంగేడు దొరకదు, గునుగు దొరకదు. అంగట్లో దొరికిన చామంతులూ ఏవో రంగు పూలూ పేర్చి, చుట్టూ తిరిగి చప్పట్లు కొడుతున్నారు. "తంగేడు లేంది బతుకమ్మేంది?" అని ఇక్కడ మా పెద్దవాళ్లు మూతి తిప్పుతారు. ఇల్లు మారినప్పుడు గుర్తు మారింది. చుట్టూ నిలబడి పాడే ఆడవాళ్లు మారలేదు కదా! కొత్త కోడలు పుట్టింటి మాటలు కొన్ని మానుకుని అత్తింటి మాటలు కొన్ని నేర్చుకుంటుంది. గుర్తు మార్చుకుందంతే. ఆ పిల్ల నవ్వు కూడా మారిపోయిందంటే మాత్రం, ఎక్కడో ఎవరో లెక్క తప్పు చేశారని తెలుసుకోవాలి.

సరే, క్యాసెట్ ఐదు శ్రుతిలో ఉంది. షడ్జం జి. క్లారినెట్ కాగితం మీద అది ఎ అవుతుంది, మూడు షార్పులు. పిల్లకు అలవాటైన వ్యవహారమే. వారం రోజుల్లో వాయించేసింది. ఆ తర్వాత ఫోనులో అమ్మమ్మను పాడమంది. ఆవిడ గొంతు సవరించుకుని, ఎంతో బిడియపడి, నాలుగు ముక్కలు పాడింది. ఐదు శ్రుతి ఎక్కడ? గొంతు మూడు శ్రుతిలో ఆగింది. షడ్జం ఇప్పుడు ఇ.

మూడు అరమెట్లు దించడం కంప్యూటరుకు చిటికెలో పని. దించింది కూడా. మర్నాడు పిల్ల ఫోను. "అత్తమ్మా, పేజీ నిండా హ్యాష్‌ట్యాగులే! ఆరు షార్పులు! నేనెప్పుడూ వాయించలేదు."

లెక్క అలా పడింది మరి. మూడు శ్రుతి పాట క్లారినెట్‌కు ఎఫ్-షార్పు అవుతుంది. ఒక్కటి తప్ప అన్ని స్వరాలూ షార్పులే. నాలుగు శ్రుతి అయితే ఒకే ఒక్క షార్పు. మూడుకీ నాలుగుకీ మధ్య నల్లమెట్టు లేదు కాబట్టి తేడా అరమెట్టే. రెండున్నర శ్రుతికి దిగినా హాయే, ఒకే ఒక్క ఫ్లాటు. ఆరు షార్పులకు అటొక మెట్టు, ఇటొక మెట్టు, రెండువైపులా పూలబాట. మధ్యలో మాత్రం ముళ్లు. పెద్ద ఆర్కెస్ట్రాల్లో వాయించేవాళ్లు ఇందుకే రెండు క్లారినెట్లు దగ్గర పెట్టుకుంటారట, బి-ఫ్లాట్ ఒకటి, ఎ ఒకటి. మొజార్ట్ 1791లో రాసిన క్లారినెట్ కచేరీ రచనను ఈ రెండోదాని మీదే వాయిస్తారు. అది చేతిలో ఉంటే మా మూడు శ్రుతి పాటకు ఒక్క షార్పుతో సరిపోయేది. బడిపిల్లకు రెండో క్లారినెట్ ఎవరు కొనిస్తారు?

ఇంట్లో సభ మొదలైంది. "అమ్మను అరమెట్టు పైకి పాడమను, అంతే కదా" అన్నారు మావారు. సొరకాయ అరముక్క ఎక్కువ కొయ్యమన్నంత తేలిగ్గా. ఆ అరమెట్టు దగ్గరే, పాటలో తార గాంధారం పలికే చోట, ఆవిడ గొంతు చీలుతోందని నాకు తెలుసు. పోనీ కిందికి దించుదామంటే, మంద్ర నిషాదం దగ్గర స్వరం పోయి గాలి మాత్రం వస్తోంది. ఆపరేషన్ తర్వాత ఆవిడకు మిగిలిన చోటు ఆ మూడు శ్రుతే.

"అయితే క్యాసెట్ పెట్టేద్దాం" అన్నాడు మా మరిది. "పిల్ల ఎట్లాగూ దానికి నేర్చుకుంది. అమ్మ కుర్చీలో కూర్చుని వింటుంది. ఆ గొంతే బాగుంటుంది కూడా."

తలుపు అవతల ఆవిడ ఉందని ఎవరమూ చూసుకోలేదు. లోపలికి వచ్చి, మా ఎవరి మొహాలూ చూడకుండా, "అవును, క్యాసెట్టే పెట్టుండ్రి. నాకోసం పొల్లను ఎందుకు సతాయిస్తరు?" అని హార్మోనియం మీది చీరె ముసుగు సర్దింది. జారని ముసుగును సర్దడం ఎందుకో మీకు చెప్పాలా?

నేను ఆ రాత్రి పిల్లకు ఫోను చేశాను. తలుపు దగ్గరి మాట చెప్పలేదు. అమ్మమ్మ గొంతుకు కింద ఎంత చోటుందో, పైన ఎంత చోటుందో, అది మాత్రం చెప్పాను. మా ఊరి పెళ్లి బ్యాండుల్లో క్లారినెట్ వాయించేవాళ్లు కాగితం ముట్టకుండానే, పాడేవాళ్లు ఎక్కడ ఎత్తుకుంటే అక్కడ అందుకోవడం చూశానని చెప్పాను. దండారి రోజుల్లో మా చుట్టుపక్కల గోండు గూడేల్లో ప్రధాన్‌లు కీక్రి పట్టుకుని పాడతారు. ఆ తీగలు గొంతు కోసం బిగుస్తాయి గానీ, గొంతు తీగల కోసం బిగుసుకోదు కదా అని కూడా అన్నాను. "నువ్వే ఆలోచించు" అని పెట్టేశాను.

పిల్ల కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది చూడండి, అదీ ప్రశ్న. "అత్తమ్మా, ఆరు షార్పులు కావాలా, ఆరు ఫ్లాట్లు కావాలా అని కంప్యూటర్ అడుగుతోంది. రెండూ ఒకటేనట. ఏది పెట్టను?"

ఎఫ్-షార్పు అన్నా జి-ఫ్లాట్ అన్నా నొక్కే బొత్తాం ఒకటే. కంప్యూటరుకు ఏదైనా ఒకటే. కానీ మన చుట్టపు నిషాదం ఏమవుతుంది? ఇద్దరం వీడియోలో కాగితం పెట్టుకుని కూర్చున్నాం. ఫ్లాట్ల ఇంట్లో నిషాదం ఎఫ్. అది అరమెట్టు దిగితే ఎఫ్-ఫ్లాట్. పిల్ల జన్మలో చూడని గుర్తు. "పోనీ దాన్ని ఇ-నాచురల్ అని రాసేస్తే? ఒక మీట నొక్కితే పేరు మారిపోతుంది" అంది. మారుతుంది. కానీ పక్కనున్న ధైవతం అప్పటికే ఇ-ఫ్లాట్. ఒకే కుర్చీలో ఇద్దరు కూర్చుంటారు, నిషాదం కుర్చీ ఖాళీగా ఉంటుంది. చదివే కంటికి పాట దిగుతున్నట్టు కాకుండా, ఒకచోటే మెసులుతున్నట్టు ఉంటుంది. వేంకటమఖి ఒప్పుకోడు.

షార్పుల ఇంట్లోనో? షడ్జం ఎఫ్-షార్పు, ధైవతం డి-షార్పు, మధ్యలో నిషాదం ఇ-షార్పు. అది దిగితే వట్టి ఇ. ఒక్క నాచురల్ గుర్తు చాలు. ఎవరి కుర్చీలో వాళ్లు. "షార్పులే పెడతాను" అంది పిల్ల. ఆరు షార్పుల పేజీలో ఆ ఒక్క నాచురల్, నగలన్నీ తీసి గూట్లో పెట్టి మంచినీళ్లు తాగుతున్న మనిషిలా, ఎంత తేటగా కనిపించిందో!

ఇంకో చిన్న చిక్కు వచ్చింది. ఇలా మధ్యలో పెట్టిన గుర్తు ఆ గడిలోనే చెల్లుతుంది. నిలువు గీత దాటితే ఇంటి ఆచారం మళ్లీ మొదలు. మన పాటలో గీత దాటగానే నిషాదం మళ్లీ పైదే. చట్టప్రకారం అక్కడ ఏ గుర్తూ అక్కర్లేదు, కంప్యూటరూ పెట్టలేదు. పిల్ల వాయించినప్పుడల్లా అక్కడ తడబడేది, ఇప్పుడే కిందిది వాయించిన వేలు అక్కడే ఉంటుంది కదా. చివరికి ఆ స్వరం ముందు బ్రాకెట్లలో ఒక షార్పు పెట్టుకుంది. ఇది హెచ్చరిక గుర్తట. నియమం ప్రకారం అనవసరం, మర్యాద ప్రకారం అవసరం. పొయ్యి మీద నుంచి దించిన గిన్నెను చూపిస్తూ "వేడి, జాగ్రత్త" అని మనం అనమూ? పొగ అవతలివాళ్లకూ కనిపిస్తూనే ఉంటుంది.

మూడు వారాలు సాధన చేసిందట. డిసెంబరు వచ్చింది, వాళ్లూ వచ్చారు. ఆ సాయంత్రం వరండాలో చుట్టాలందరూ కూర్చున్నారు. క్యాసెట్ పెట్టడానికి మా మరిది తెచ్చిన డబ్బాను పిల్ల చూడనైనా చూడలేదు. తిన్నగా వెళ్లి హార్మోనియం ముసుగు తీసి, మడతపెట్టి, అమ్మమ్మ ఒళ్లో పెట్టింది. "అమ్మమ్మా, నువ్వు ఎక్కడ మొదలుపెడితే నేనూ అక్కడే" అంది. ఆవిడ మూడు శ్రుతిలో సా పట్టుకుంది. గొంతు మొదట వణికింది. క్లారినెట్ కూడా వణికింది. రెండు వణుకులూ కలిసేసరికి, ఎవరిది ఎవరిదో తెలియలేదు.

పల్లవి చివర షడ్జం నుంచి దిగేచోట నేను ఊపిరి బిగబట్టాను. నిషాదం జారింది. రెండూ కలిసి జారాయి. ఆవిడ పాడుతూనే తల తిప్పి మనవరాలి వైపు చూసింది. పాట అయ్యాక, "మంచిగ దించినవ్ బిడ్డా" అంది, అంతే. అది నాచురలో ఫ్లాటో ఆవిడకు తెలియదు. తెలియాల్సిన పనీ లేదు.

వాళ్లందరూ జనవరిలో వెళ్లిపోయారు. ఇల్లు బోసిపోయింది. ఆ తర్వాతి శుక్రవారం పొద్దున నేను వంటింట్లో పప్పు తాలింపు వేస్తున్నాను. ముందుగదిలోంచి హార్మోనియం తిత్తి ఊపిరి పీల్చుకున్న చప్పుడు వినిపించింది. పొయ్యి తగ్గించి విన్నాను. షడ్జం, మూడు శ్రుతి.